ఒకటి పడిపోయినా ఆగని సైట్: సర్వర్లను, డేటాబేస్‌లను జంటగా నిలబెట్టడం ఎలా

హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక ఆఫీసు, మూడో అంతస్తు, సాయంత్రం ఆరున్నర. రెండు సర్వర్లూ ఒకే క్షణంలో ఆగిపోయాయి. ఒకటి పోతే రెండోది పని అందుకోవాలని కట్టిన ఏర్పాటు అది. కట్టింది నేనే. ఒక్కో సర్వర్‌కు రెండేసి పవర్ సప్లైలు, మొత్తం నాలుగు తీగలు. రెండు తీగలు ఒక యూపీఎస్‌కు, రెండు ఇంకో యూపీఎస్‌కు వెళ్లాలి. ర్యాక్ వెనక్కి వెళ్లి, ఫోను లైటు వేసుకుని, ఒక్కో తీగనూ చేత్తో పట్టుకుని చివరిదాకా తడుముతూ వెళ్లాను. నాలుగూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి. రెండు నెలల కిందట ఏసీ బాగుచేయడానికి ర్యాక్‌ను జరిపారు. తీసిన తీగలను తిరిగి పెట్టేటప్పుడు చేతికి అందిన బోర్డులో పెట్టేశారు. ఆ రోజు నుంచీ మాకు ఉన్నవి పేరుకే రెండు. బోర్డు ఫ్యూజు పోయిన సాయంత్రం దాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

అప్పటి నుంచి ఏ జంట ఏర్పాటు చూసినా నేను మొదట అడిగేది ఒకటే: ఈ రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటి? కింద చెప్పే అడుగులన్నీ ఆ ప్రశ్నను పట్టుకుని వచ్చినవే.

ఉదాహరణకు నగరంలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ ఉందనుకుందాం. దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, మెహిదీపట్నంలలో శాంపిల్ సేకరణ కేంద్రాలు ఉన్నాయి. ఉదయం పరగడుపున రక్తం ఇచ్చి వెళ్లినవారు సాయంత్రం ఫోనులో రిపోర్టు చూసుకుంటారు. మీ సైట్ పుస్తకాలు అమ్మేదైనా, బస్సు టికెట్లు ఇచ్చేదైనా చేయవలసిన పని ఇదే.

1. కాగితం మీద దారి గీయండి

రోగి ఫోనులో లింకు నొక్కిన దగ్గర మొదలుపెట్టి, రిపోర్టు దాచి ఉన్న డిస్కు దాకా మధ్యలో వచ్చేవన్నీ ఒక పెద్ద కాగితం మీద గీయండి. డొమైన్ పేరు, ఆ పేరును సర్వర్ ఐపీ చిరునామాగా మార్చి చెప్పే డీఎన్ఎస్, ఇంటర్నెట్ లైను, రౌటర్, ఫైర్‌వాల్, స్విచ్, వచ్చిన అభ్యర్థనలను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్, వెబ్ సర్వర్, డేటాబేస్, డిస్కు. వీటన్నిటికీ ఆధారంగా కింద ఉన్నవి కూడా గీయండి: కరెంటు, యూపీఎస్, ఏసీ, గది. పక్కన ఓటీపీ పంపే ఎస్ఎంఎస్ సంస్థ, డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వే. చివరగా మనుషులు. పాస్‌వర్డులన్నీ ఒక్కరికే తెలిసి ఉండి, ఆ ఒక్కరు సంక్రాంతికి ఊరెళితే, ఆ నాలుగు రోజులూ మీ ఏర్పాటులో అతి పెద్ద బలహీనత ఆ ఖాళీ కుర్చీయే.

ఇప్పుడు ఒక్కో గడి మీద వేలు పెట్టి "ఇది పోతే?" అని అడగండి. "సైట్ ఆగుతుంది" అని జవాబు వస్తే ఎర్ర పెన్సిలుతో చుట్టండి. మొదటిసారి గీసినప్పుడు కాగితం సగం ఎర్రబడుతుంది. అన్నిటినీ ఒకే నెలలో సరిచేయనక్కరలేదు. ఏవి ఎర్రగా ఉన్నాయో తెలిసి ఉండటమే సగం రక్షణ.

2. ఎంత నష్టం భరించగలరో అంకెల్లో తేల్చుకోండి

రెండు ప్రశ్నలున్నాయి. వాటికి జవాబు చెప్పవలసింది ల్యాబ్ నడిపే డాక్టర్ గారే. "డాక్టర్ గారూ, సైట్ ఎంతసేపు ఆగితే భరించగలరు? ఆగే ముందు ఎన్ని నిమిషాల ఎంట్రీలు పోతే మళ్లీ రాసుకోగలరు?" మొదట వచ్చే జవాబు "అసలు ఆగకూడదు, ఏదీ పోకూడదు" అనే. ఖర్చు అంకెలు ముందు పెట్టి ఇంకోసారి అడగండి. "రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము దాకా ఆగినా సర్దుకుంటాం, కానీ ఒక్క ఎంట్రీ కూడా పోకూడదు" అన్నారనుకోండి, మీ డబ్బు ముందుగా ఎక్కడికి వెళ్లాలో తేలిపోయింది: డేటాబేస్‌కు.

లెక్క ఇలా ఉంటుంది. ఏడాదిలో 99 శాతం సమయం సైట్ నిలబడింది అంటే వినడానికి బాగుంటుంది, కానీ అది ఏడాదికి 87 గంటలకు పైగా, అంటే మూడున్నర రోజులకు మించి ఆగినట్టు. 99.9 శాతం అంటే ఎనిమిదీ ముప్పావు గంటలు. 99.99 అంటే 52 నిమిషాలు. ఒకదాని వెనుక ఒకటి ఐదు పరికరాలు వరుసగా ఉంటే, ఒక్కొక్కటి 99.9 శాతం నిలబడేదైనా మొత్తం దారి 99.5కు దిగిపోతుంది. అది ఏడాదికి దాదాపు 44 గంటలు. అదే 99 శాతం పరికరాలు రెండింటిని పక్కపక్కన జంటగా పెడితే 99.99కు చేరతాయి. అయితే ఒకటి పోవడానికి, రెండోది పోవడానికి ఏ సంబంధమూ లేనప్పుడు మాత్రమే ఈ లెక్క నిజం.

ఆ షరతు ఎంత గట్టిదో హైదరాబాద్ వాళ్లకు చెప్పడం తేలిక. 1908 సెప్టెంబర్ మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహా మీద నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద గండిపేట, ఈసీ మీద హిమాయత్ సాగర్. నదులు వేరు, కట్టలు వేరు. అయినా పైన కురిసే వాన ఒకటే కాబట్టి 2022 జూలైలో లాగా రెండిటి గేట్లూ ఎత్తవలసిన రోజులు వస్తాయి. మీ రెండు సర్వర్ల మీదా కురిసే వాన ఏదో వెతకడమే ఇక ముందున్న పని.

3. కరెంటు, ఇంటర్నెట్

ఆఫీసులోనే సర్వర్లు పెట్టుకునేవారికి ఈ అడుగు ముఖ్యం.

రెండు పవర్ సప్లైలున్న సర్వర్లే కొనండి. ఒక తీగ ఒక యూపీఎస్‌కు, రెండో తీగ ఇంకో యూపీఎస్‌కు. తీగలకు రెండు రంగులు వాడండి: ఎర్ర తీగ ఎర్ర బోర్డుకు, నల్ల తీగ నల్ల బోర్డుకు. రేపు ర్యాక్ జరిపే మనిషి పక్కన మీరు లేకపోయినా ఆ రంగు ఉంటుంది. ఆ సాయంత్రం తర్వాత మేము చేసిన మొదటి పని ఇదే. ఒక్కో యూపీఎస్ మొత్తం లోడును ఒంటరిగా మోయగలగాలి. రెండూ చెరి 60 శాతం లోడుతో నడుస్తుంటే, ఒకటి పోయిన మరుక్షణం రెండోదాని మీద 120 శాతం పడి అదీ కూలుతుంది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి డిస్ట్రిబ్యూషన్ బోర్డు తెరిపించండి. ఒకసారి మా ఎలక్ట్రీషియన్ మూత తీసి చూసి, "సార్, గోడ మీద ప్లగ్గులు వేరువేరుగా ఉన్నాయి కానీ ఇక్కడ రెండూ ఒకే ఎంసీబీ మీద ఉన్నాయి" అన్నాడు. బయటి నుంచి ఎంత చూసినా అది తెలిసేది కాదు.

యూపీఎస్‌లను, జనరేటర్‌ను సెల్లార్‌లో పెట్టకండి. 2020 అక్టోబర్ 13, 14 తేదీల వానకు ఈ నగరంలో సెల్లార్లు ఏమయ్యాయో చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు. జనరేటర్‌ను పైన పెట్టి డీజిల్ పంపును కింద ఉంచినా అదే కథ. 2012లో శాండీ తుపాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు ఒక డేటా సెంటర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. పంపు నీళ్లలో మునిగింది. మనుషులు వరుసగా నిలబడి డీజిల్‌ను బకెట్లతో పదిహేడో అంతస్తుకు మెట్ల మీదుగా మోశారు.

ఇంటర్నెట్ విషయంలో ఇద్దరు కంపెనీలవాళ్ల దగ్గర చెరొక లైను తీసుకుంటే సరిపోయిందనుకుంటాం. కిందికి దిగి, రెండు కేబుళ్లనూ కంటితో వెంబడిస్తూ వీధి చివరిదాకా నడవండి. చాలాచోట్ల రెండూ ఒకే కరెంటు స్తంభానికి వేలాడుతుంటాయి. 2025 ఆగస్టులో స్తంభాలకు వేలాడే కేబుళ్లను తొలగించినప్పుడు, రెండు కంపెనీల బిల్లులు కడుతున్నవారికి కూడా ఇంటర్నెట్ లేకుండా పోవడానికి కారణం ఇదే. ఒకటి నేలలో పరిచిన ఫైబర్‌గానూ, రెండోది డాబా మీది నుంచి వచ్చే రేడియో లింకుగానూ తీసుకుంటే, రోడ్డు తవ్వే యంత్రం రెండిటినీ ఒకేసారి తెంచలేదు.

క్లౌడ్‌లో, అంటే పెద్ద కంపెనీల డేటా సెంటర్లలో, సర్వర్లు అద్దెకు తీసుకునేవారికి ఈ బాధలు చాలావరకు తప్పుతాయి. చిన్న సంస్థ ఆఫీసులో సర్వర్ గది కట్టుకోవడం కంటే అద్దె నయమని నా గట్టి అభిప్రాయం. అమెజాన్ క్లౌడ్‌కు చెందిన హైదరాబాద్ రీజియన్ (ఇక్కడి డేటా సెంటర్ల సముదాయం) 2022 నవంబర్‌లో మొదలైంది. అందులో మూడు అవైలబిలిటీ జోన్లు ఉన్నాయి. జోన్ మారితే భవనం మారుతుంది, కరెంటు దారి మారుతుంది. కానీ సర్వర్ తయారుచేసేటప్పుడు జోన్ ఎంచుకోవలసింది మీరే. రెండు సర్వర్లనూ ఒకే జోన్‌లో పెడితే మా ఎక్స్‌టెన్షన్ బోర్డు కథే మళ్లీ మొదలు.

4. వెబ్ సర్వర్‌లో ఏదీ దాచకండి

ఏ వెబ్ సర్వర్‌ను ఏ క్షణంలో తీసేసినా ఎవరికీ ఏమీ పోకూడదు. అలా ఉండాలంటే మూడు చోట్ల చూడాలి.

మొదటిది లాగిన్. రోగి ఒకటో సర్వర్‌లో లాగిన్ అయ్యాడు, తర్వాతి క్లిక్కు రెండో సర్వర్‌కు వెళ్లింది, మళ్లీ ఓటీపీ అడిగింది. ఎవరు లాగిన్ అయి ఉన్నారో చెప్పే సెషన్ వివరాలు సర్వర్ సొంత జ్ఞాపకంలో ఉన్నాయన్నమాట. వాటిని రెండు సర్వర్లూ చూడగల చోటుకు, రెడిస్ అనే వేగవంతమైన నిల్వకో డేటాబేస్‌కో మార్చండి. రెడిస్ పెడితే దానికీ జంట కావాలి, కాగితం మీద అదీ ఒక గడే. రెండోది ఫైళ్లు. రిపోర్టు పీడీఎఫ్‌లు ఒకటో సర్వర్ డిస్కులో ఉంటే, రెండో సర్వర్‌కు వెళ్లిన రోగికి "ఫైలు లేదు" అని వస్తుంది. వాటిని ఏ సర్వర్ నుంచైనా అందే ఆబ్జెక్ట్ స్టోరేజీలో పెట్టండి.

మూడోది అందరూ మరిచిపోయేది: వేళకు తనంతట తాను నడిచే పనులు. రాత్రి తొమ్మిదింటికి "మీ రిపోర్టు సిద్ధం" అని ఎస్ఎంఎస్ పంపే క్రాన్ పని ఒక సర్వర్‌లో ఉండేది. రెండో సర్వర్‌ను మొదటిదానికి నకలుగా తయారుచేసిన రాత్రి ప్రతి రోగికీ రెండు ఎస్ఎంఎస్‌లు వెళతాయి. అలాగని ఒక సర్వర్‌లోనే ఉంచితే, అది పోయిన రాత్రి ఎవరికీ వెళ్లదు. పని మొదలుపెట్టే ముందు డేటాబేస్‌లో ఒక తాళం తీసుకునేలా రాయండి. తాళం దొరికినవాడు పంపుతాడు, దొరకనివాడు ఊరుకుంటాడు.

ఇక సామర్థ్యం. రెండు సర్వర్లు ఉన్నప్పుడు రద్దీ వేళ ఒక్కొక్కటి సగానికి మించి పనిచేయకూడదు, నలభై శాతం దగ్గర ఉంటే మంచిది. మూడు ఉంటే ఒక్కొక్కటి మూడింట రెండు వంతుల దాకా వెళ్లవచ్చు. రిపోర్టులు వచ్చే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య కొలవండి. మధ్యాహ్నం కొలత చూసి నిశ్చింతగా ఉండకండి.

5. ముందు నిలబడే లోడ్ బ్యాలెన్సర్

వచ్చిన ప్రతి అభ్యర్థననూ బతికి ఉన్న సర్వర్‌కు పంపడం దీని పని. డీఎన్ఎస్‌లో రెండు ఐపీలు రాసి వదిలేస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. మీరు టీటీఎల్ (ఐపీని గుర్తుంచుకునే గడువు) ఎంత తక్కువ పెట్టినా పాత ఐపీనే పట్టుకుని కూర్చునే ఫోన్లు, రౌటర్లు దారిలో ఉంటాయి. చనిపోయిన సర్వర్ తలుపే కొడుతూ ఉంటాయి.

సొంత సర్వర్లయితే హెచ్‌ఏప్రాక్సీ నమ్మదగిన సాధనం. దాన్నే ఒక్కటి పెడితే అదే కొత్త బలహీనత అవుతుంది కాబట్టి రెండు పెట్టి, మధ్యలో కీప్‌అలైవ్‌డీ అనే ప్రోగ్రాము ద్వారా ఒక తేలే ఐపీ (ఒక యంత్రం నుంచి ఇంకోదానికి మారగల చిరునామా) ఇవ్వండి. ఒకటో యంత్రం సెకనుకోసారి "ఉన్నాను" అంటూ ఉంటుంది. మూడు నాలుగు సెకన్లు ఆ మాట వినబడకపోతే రెండోది ఆ ఐపీని తన మీద వేసుకుంటుంది. క్లౌడ్‌లో ఈ పద్ధతి మామూలుగా పనిచేయదు. అక్కడ వాళ్ల లోడ్ బ్యాలెన్సర్‌నే తీసుకుని రెండు జోన్లలో పరచండి.

సర్వర్ బతికి ఉందో లేదో ఎలా కనుక్కోవాలన్నది ఈ అడుగులో అసలు విషయం. హెచ్‌ఏప్రాక్సీ మామూలు అమరికలో రెండు సెకన్లకోసారి అడుగుతుంది, వరుసగా మూడుసార్లు జవాబు రాకపోతే పక్కన పెడుతుంది, రెండుసార్లు సరైన జవాబు వచ్చాక మళ్లీ చేర్చుకుంటుంది. పోర్టు (సర్వర్ నెట్‌వర్క్ ద్వారం) తెరిచి ఉందా అని మాత్రమే అడిగితే, లోపల ప్రోగ్రాము బిగుసుకుపోయినా "బాగుంది" అనే వస్తుంది. కాబట్టి ప్రోగ్రాము చేతనే "బాగున్నాను" అని చెప్పే ఒక చిన్న పేజీ ఇప్పించండి.

ఆ పేజీలో డేటాబేస్‌ను కూడా పరీక్షించాలని అందరికీ అనిపిస్తుంది. అక్కడే ప్రమాదం ఉంది. డేటాబేస్ పది సెకన్లు నెమ్మదించిందనుకోండి, అన్ని వెబ్ సర్వర్ల పేజీలూ ఒకేసారి తప్పుతాయి. లోడ్ బ్యాలెన్సర్ అన్నిటినీ చనిపోయినట్టు తేల్చి పక్కన పెడుతుంది. నెమ్మదిగానైనా నడుస్తున్న సైట్ పూర్తిగా మూతపడుతుంది. అందుకని రెండు పేజీలు పెట్టండి. తన సంగతి మాత్రమే చెప్పే పేజీ లోడ్ బ్యాలెన్సర్‌కు. డేటాబేస్‌తో సహా అన్నీ చూసి చెప్పే పేజీ మీ ఫోనుకు హెచ్చరిక పంపే పర్యవేక్షణకు.

6. డేటాబేస్

వెబ్ సర్వర్లు మరిచిపోతే చాలు, డేటాబేస్‌లు గుర్తుంచుకోవాలి. రెండు జ్ఞాపకాలు ఒకే మాట చెప్పాలి. కష్టమంతా ఇక్కడే ఉంది, తొందరపడకండి.

మామూలు అమరికలో రాతలన్నీ ప్రైమరీ అనే ముఖ్య డేటాబేస్ స్వీకరిస్తుంది. స్టాండ్‌బై అనే నకలు ఆ మార్పుల చిట్టాను వెంటవెంటనే తెప్పించుకుని తనలో రాసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ప్రోగ్రాములు రెండిట్లోనూ ఇది ఉంది. మీరు తేల్చుకోవలసింది ఒకటే: ప్రైమరీ "రాసేశాను" అని ప్రోగ్రాముకు ఎప్పుడు చెప్పాలి? స్టాండ్‌బైకి చేరకముందే చెబితే వేగంగా ఉంటుంది, కానీ ఆ క్షణంలో ప్రైమరీ కాలిపోతే చివరి కొన్ని ఎంట్రీలు పోతాయి. చేరాక చెబితే ఏదీ పోదు, కానీ ప్రతి రాతకూ ప్రయాణ సమయం చెల్లించాలి. మీరు ఏమీ మార్చకపోతే పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ రెండూ మొదటి పద్ధతిలోనే నడుస్తాయి.

ఆ ప్రయాణం ఎంత? ఫైబర్‌లో వెలుతురు కిలోమీటరుకు ఐదు మైక్రోసెకన్లు తీసుకుంటుంది. హైదరాబాద్ నుంచి ముంబైకి సూటిగా 620 కిలోమీటర్లు. పోయి రావడానికి ఎంత ఖర్చుపెట్టినా ఆరు మిల్లీసెకన్లకు తగ్గదు, కేబుల్ సూటిగా వెళ్లదు కనుక ఇంకా ఎక్కువే అవుతుంది. ఒక శాంపిల్ నమోదుకు ఇరవై కమిట్లు (డేటాబేస్‌లో ఖాయం చేసే రాతలు) వరుసగా జరిగితే అది 120 మిల్లీసెకన్లు దాటుతుంది. అందువల్ల నగరంలోనే వేరే భవనంలో ఉన్న స్టాండ్‌బై కోసం ఆగండి, ముంబైలో ఉన్నదాని కోసం ఆగకండి. ముంబై నకలు కాస్త వెనకబడి ఉంటుంది, నగరమంతా చీకటైన రోజున అదే దిక్కు.

ఆగే పద్ధతిలో ఒక మెలిక ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒకే స్టాండ్‌బై పెట్టి దాని కోసం ఆగమని చెబితే, ఆ స్టాండ్‌బై పోయినప్పుడు ప్రైమరీ రాతలు కూడా నిలిచిపోతాయి. రక్షణకని పెట్టినదే సైట్‌ను ఆపుతుంది. కాబట్టి రెండు స్టాండ్‌బైలు పెట్టి "వీటిలో ఏ ఒక్కటి చెప్పినా చాలు" అని రాయండి. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఆ వీలుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఇలా ఆగే పద్ధతి పేరు సెమీ సింక్, అది దీనికి తలకిందులు: మామూలు అమరికలో పది సెకన్లు చూసి, జవాబు రాకపోతే ఆగడం మానేసి ముందుకు సాగిపోతుంది. సైట్ నడుస్తుంది, రక్షణ మాత్రం మీకు చెప్పకుండా జారిపోతుంది. మీ ల్యాబ్‌కు ఏది కావాలో రెండో అడుగులో డాక్టర్ గారు చెప్పిన జవాబును బట్టి ఎంచుకోండి.

ప్రైమరీ పోయిందని ఎవరు తేల్చాలి? యంత్రాలు రెండే ఉంటే ఈ ప్రశ్నకు జవాబు లేదు. స్టాండ్‌బైకి ప్రైమరీ మాట వినబడటం లేదు. ప్రైమరీ చనిపోయిందా, మధ్యలో తీగ తెగిందా? ఇవతల కూర్చుని కనుక్కోవడం అసాధ్యం. పోయిందనుకుని స్టాండ్‌బై గద్దె ఎక్కితే, అక్కడ పాత ప్రైమరీ ఇంకా బతికే ఉంటే, ఒక ఒరలో రెండు కత్తులు.

అది ల్యాబ్‌లో ఎలా కనిపిస్తుందో చూడండి. దిల్‌సుఖ్‌నగర్ కేంద్రం పాత ప్రైమరీతో, కూకట్‌పల్లి కేంద్రం కొత్తదానితో మాట్లాడుతున్నాయి. రెండిటిలోనూ చివరి శాంపిల్ నంబరు 4126. అక్కడ షుగర్ పరీక్షకు వచ్చిన పెద్దాయనకు 4127 ఇచ్చారు. ఇక్కడ హిమోగ్లోబిన్ పరీక్షకు వచ్చిన గర్భిణికీ 4127 ఇచ్చారు. రెండు రక్తపు గొట్టాల మీదా ఒకే స్టిక్కరు. సాయంత్రం రెండూ ఒకే బల్ల మీదికి వస్తాయి. లైను కలిశాక రెండు 4127లలో ఏది ఉంచాలో ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. సైట్ పది నిమిషాలు ఆగడం దీనికంటే ఎంతో నయం.

అందుకే మూడు ఓట్లు కావాలి. మూడింటిలో రెండు ఒప్పుకుంటేనే కొత్త ప్రైమరీ. తన వైపు మెజారిటీ కనబడకపోతే పాత ప్రైమరీ తానే దిగిపోవాలి. మూడు ఓట్లతో ఒకటి పోయినా తట్టుకుంటారు, ఐదుతో రెండు పోయినా తట్టుకుంటారు. నాలుగు పెడితే మూడింటి కంటే ఏ మేలూ లేదు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రైమరీని మార్చడానికి ప్యాట్రోనీ అనే ప్రోగ్రామునూ, ఓట్ల కోసం ఈటీసీడీ అనేదాన్నీ కలిపి వాడటం ఇప్పుడు స్థిరపడిన పద్ధతి. ప్రైమరీ ఒక తాళంచెవిని పట్టుకుని, దాని గడువును ఎప్పటికప్పుడు పొడిగించుకుంటూ ఉంటుంది. మామూలు గడువు 30 సెకన్లు. పొడిగించుకోలేకపోతే గద్దె దిగుతుంది. మూడో ఓటుకు చిన్న యంత్రం చాలు, కానీ అది మూడో చోట ఉండాలి. మొదటిదాని పక్కనే పెడితే ఆ గది పోయినప్పుడు రెండు ఓట్లూ పోతాయి.

మెజారిటీ సరిగా లెక్కించినా ఇబ్బందులు తప్పకపోవచ్చు. 2018 అక్టోబర్ 21న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో నెట్‌వర్క్ 43 సెకన్లు తెగింది. ఆ వ్యవధిలో ప్రైమరీ పాత్ర అమెరికా తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి మారింది. తూర్పున చివరి క్షణాల్లో జరిగిన రాతలు పడమరకు చేరలేదు, పడమట కొత్త రాతలు మొదలయ్యాయి. రెండిటినీ పొందిక చేసి సేవలు పూర్తిగా కుదుటపడటానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. దూరంలో ఉన్న నకలుకు ఫెయిలోవర్ (ప్రైమరీ పాత్ర మారడం) తనంతట తానుగా జరగనివ్వకండని నేను చెప్పేది ఇందుకే. నగరం లోపల యంత్రాన్ని తేల్చనివ్వండి. ముంబైకి మారాలా వద్దా అన్నది మనిషి తేల్చాలి.

అసలు మీ బృందంలో ఇద్దరే ఉండి, ప్యాట్రోనీ లోపల ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలియకపోతే, నగరంలో కూడా చేత్తోనే మార్చుకోండి. ఒక పేజీ కాగితం మీద ఏ ఆదేశం తర్వాత ఏ ఆదేశమో వరుసగా రాసి ర్యాక్ తలుపుకు అంటించండి. మొదటి వరుసలో "పాత ప్రైమరీ కరెంటు తీసేశామని కళ్లారా చూడండి" అని ఉండాలి. పదిహేను నిమిషాల్లో అయిపోయే ఆ పని, అర్థం కాని ఆటోమేషన్ కంటే భద్రం.

ప్రోగ్రాము వైపు చూడవలసినవి రెండున్నాయి. డేటాబేస్ కనెక్షన్ తెగితే మళ్లీ కలుపుకోవాలి. ఎన్నో ప్రోగ్రాములు చచ్చిన కనెక్షన్‌ను పట్టుకుని గంటలు గడుపుతాయి. రోగి డబ్బు కట్టిన క్షణంలో తెగితే, మళ్లీ ప్రయత్నించినప్పుడు రెండోసారి డబ్బు పడకూడదు. ప్రతి చెల్లింపుకూ ముందే ఒక ప్రత్యేక నంబరు ఇచ్చి, అదే నంబరు రెండోసారి వస్తే పాత ఫలితమే తిరిగి చెప్పేలా రాయండి.

పడిపోయిన పాత ప్రైమరీ లేచి వస్తే నేరుగా చేర్చకండి. దాని దగ్గర ఎవరికీ లేని రాతలు ఉండవచ్చు. వాటిని పక్కకు తీసి చూసుకుని, దాన్ని వెనక్కి తిప్పి గానీ, మొత్తం చెరిపి కొత్తగా గానీ స్టాండ్‌బైగా కట్టండి.

7. నకలు ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు

ఏ ఎంట్రీలను తొలగించాలో చెప్పే షరతు రాయడం మరిచి ఎవరో ఒక తొలగింపు ఆదేశం ఇచ్చారు. ప్రైమరీలో పోయింది. అర సెకనులో స్టాండ్‌బైలోనూ పోయింది. మూడో నకలులోనూ పోయింది. నకలు నమ్మకంగా చేసే పనే అది.

2017 జనవరి 31న, గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్ సైట్‌లో ఒక ఇంజనీరు పొరపాటున ప్రైమరీ డేటా ఫోల్డరును తొలగించాడు. దాదాపు 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలాయి. బ్యాకప్ కోసం వెతికితే, వెర్షన్ సరిపడక అవి ఎన్నాళ్లుగానో విఫలమవుతున్నట్టు తేలింది. వేరే పనికి ఆరు గంటల ముందు తీసి ఉంచిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) ఒకటి ఆదుకుంది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, సర్వరూ బ్యాకపూ ఒకే ప్రాంగణంలో పెట్టుకున్నవారు రెండూ పోగొట్టుకున్నారు.

కాబట్టి బ్యాకప్ వేరే భవనంలో, వేరే అకౌంటులో, వేరే పాస్‌వర్డుతో ఉండాలి. రోజుకోసారి పూర్తి బ్యాకప్, దానితో పాటు మార్పుల చిట్టా నిరంతరం దాచండి. అప్పుడు "నిన్న 4 గంటల 10 నిమిషాలకు ఎలా ఉందో అలా ఇవ్వు" అని అడగగలుగుతారు. నెలకోసారి దాన్ని ఖాళీ యంత్రంలోకి దించి, నిన్నటి ఒక రిపోర్టు తెరిచి చూడండి. ఎంతసేపు పట్టిందో రాసి పెట్టండి. దించి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

8. రెండిట్లోనూ ఒకే రోజు పోయేవి

ఒకేలా కట్టిన యంత్రాలు ఒకేలా పోతాయి. లాగ్ ఫైళ్లు రెండు సర్వర్లలోనూ ఒకే వేగంతో పెరిగి ఒకే రాత్రి డిస్కులు నిండుతాయి. సైట్ కనెక్షన్‌ను సురక్షితంగా ఉంచే టీఎల్ఎస్ సర్టిఫికెట్ గడువు రెండు చోట్లా ఒకే నిమిషంలో ముగుస్తుంది. సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడితే గడువు 90 రోజులకు మించదు, కాబట్టి తనంతట తాను మారుతోందో లేదో కనిపెట్టి ఉండండి. డొమైన్ పేరు రెన్యువల్ ఉద్యోగం మానేసి వెళ్లిన మనిషి మెయిలుకు వస్తుంటే ఇవాళే మార్చండి.

డిస్కులు కొనేటప్పుడు సికింద్రాబాద్ సీటీసీలో ఒకే దుకాణంలో, ఒకే పెట్టెలోంచి నాలుగు తీసుకోవడం తేలిక. ఒకే రోజు తయారై, ఒకేలా అరిగిన డిస్కులు దగ్గర దగ్గరగా పోతాయి. లేబుల్ మీది తయారీ తేదీ చూసి, రెండు వేర్వేరు బ్యాచ్‌లలోవి అడగండి. దుకాణదారులు విసుక్కోరు, వేరే పెట్టె తెరిచి ఇస్తారు.

కొత్త ప్రోగ్రామును రెండు సర్వర్లలోనూ ఒకేసారి పెట్టకండి. ఒకదానిలో పెట్టి ఒక సాయంత్రం రద్దీ దాటనివ్వండి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది చప్పుడు లేకుండా పోయిన జంట. స్టాండ్‌బై మూడు వారాల కిందటే ఆగిపోయింది, సైట్ బాగానే నడుస్తోంది, ఎవరూ చూడలేదు. సైట్ ఆగినప్పుడే కాదు, జంటలో ఒకటి తగ్గినప్పుడు కూడా ఫోను మోగాలి. స్టాండ్‌బై ఎంత వెనకబడిందో నిమిషానికోసారి కొలిచి, అర నిమిషం దాటితే హెచ్చరిక పంపండి. ఆ కొలిచే యంత్రం ఈ గదిలో ఉండకూడదు.

9. ప్లగ్గు పీకి చూడండి

నేను ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి చేస్తాను. ల్యాబ్‌వాళ్లకు రెండు రోజుల ముందే చెబుతాను. ఒకరు ర్యాక్ దగ్గర, ఒకరు తెర ముందు, ఇంకొకరు ఇంటి దగ్గర మొబైల్ డేటాతో సైట్ తెరిచి ఉంచుకుని ఫోనులో ఉంటారు. ఏం జరగాలో ముందే కాగితం మీద రాసుకుంటాం: "వెబ్ ఒకటి పీకితే ఆరు సెకన్లలోపు సైట్ మామూలుగా రావాలి."

చెప్పి ఆపడం పరీక్ష కాదు. యంత్రానికి వీడ్కోలు చెప్పే సమయం దొరుకుతుంది, నిజమైన ప్రమాదం ఆ సమయం ఇవ్వదు. కాబట్టి తీగే పీకాలి, క్లౌడ్ అయితే బలవంతంగా ఆపాలి. మొదట ఒక ఎర్ర తీగ: ఏమీ జరగకూడదు. తర్వాత వెబ్ సర్వర్ ఒకటి. తర్వాత లోడ్ బ్యాలెన్సర్. ఒక్కోదాని తర్వాత అన్నీ మళ్లీ మామూలు స్థితికి వచ్చాయని చూసుకునే తర్వాతిది. డేటాబేస్ ప్రైమరీని చివర పీకండి. ముందుగా కరెంటు తీగతో, ఇంకో నెల నెట్‌వర్క్ తీగతో. ఈ రెండు మరణాలూ ఒకేలా ఉండవు. కరెంటు పోయిన ప్రైమరీ నోరెత్తదు, నెట్‌వర్క్ పోయినది లోపల బతికే ఉంటుంది. అది తనంతట తాను దిగిపోయిందో లేదో తెర మీద చూడాలి.

మొదటిసారి పీకినప్పుడు మా డేటాబేస్ 40 సెకన్లలో మారింది, సైట్ మాత్రం రాలేదు. పాత ప్రైమరీ ఐపీ ప్రోగ్రామ్ సెట్టింగుల్లో ఒకచోట నేరుగా రాసి ఉంది. ఒకే ఒక వరుస. దాన్ని మార్చేసరికి ఐదూ ఇరవై అయింది. అదే సంగతి సాయంత్రం ఏడింటికి బయటపడి ఉంటే ఎందరు రోగులు రిపోర్టు కోసం ఫోను పట్టుకుని కూర్చునేవారో నాకు తెలుసు.

పరీక్ష అయ్యాక పాత ప్రైమరీని స్టాండ్‌బైగా కట్టి, అది పూర్తిగా అందుకునేదాకా అక్కడే ఉండండి. పాత్రలను వెంటనే వెనక్కి మార్చకండి. కొత్త ప్రైమరీనే ప్రైమరీగా నడవనివ్వండి, వచ్చే నెల ఆదివారం దాన్ని పీకినప్పుడు ఇది మళ్లీ ముందుకు వస్తుంది. ఆ తేదీని ర్యాక్ తలుపు మీది కాగితంపై రాసి వెళ్లండి.